కల్వం కడిగిన నీళ్లు

నేను ఒక నల్లరాతి కల్వాన్ని, నాయనా. మందు నూరే చిన్న రాతి దోనెను. ఉలి దెబ్బలు తిని పుట్టాను, చేదు తిని బతికాను. కనకాచారి అనే వైద్యుడు నాలో తెల్లమద్ది బెరడు నూరి గుండెజబ్బు వాళ్లకు ఇచ్చేవాడు. నూరింది గీకి తీశాక నన్ను కడిగి, ఆ ఎర్రటి నీళ్లు గుమ్మంలో ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లకు పోసేవాడు. ఆ నీళ్లు పారబోయడం ఆ ఇంట్లో లేదు. అవి తాగి పెరిగిన పిల్లల్లో శారమ్మ ఒకతె.

ఆచారి పోయాక నన్ను మందుల కాలేజీకి ఇచ్చేశారు. అక్కడ ఎలుకల గది చూసుకునేది ఆ శారమ్మే. నన్ను చూసి, "నువ్వూ ఇక్కడికే వచ్చావా తల్లీ" అంది.

మనుషులు చిత్రమైనవాళ్లు. తాతలు తాగిన మందుకు కూడా ఎలుక వచ్చి సాక్ష్యం చెప్పాలి.

ఆ మందు మీద పరిశోధన నాగవేణి అనే అమ్మాయిది. ఒక బోనులో ఎలుకలకు రోజూ నాలో నూరిన మద్ది బెరడు కషాయం, రెండో బోనుకు వట్టి నీళ్లు. చివర్లో అన్నిటికీ గుండెను దెబ్బతీసే సూది. ఆపైన మత్తిచ్చి, ప్రాణం తీసి, గుండెలు కోసి చూస్తారు.

"రెండో బోనుకేం పొయ్యవా పాపా?"

"పొయ్యకూడదు శారమ్మా. తేడా తెలియాలిగా."

"తేడా తెలిసేలోపు వాటి గుండె పగులుద్ది."

"ముందు నీదే పగిలేట్టుంది" అని నవ్వింది నాగవేణి.

ఆ సాయంత్రం నుంచి శారమ్మ నన్ను కడిగిన నీళ్లు రెండో బోను సీసాలో పోయడం మొదలుపెట్టింది. "ఎటూ పోయేవాళ్లే మీరు. నొప్పి లేకుండానన్నా పోదురు, తాగండ్రా" అనేది. తోకకు పసుపు గుర్తున్న ఎలుక అన్నిటికన్నా ముందు వచ్చి మూతి పెట్టేది. నాకు ఆచారి గుమ్మం గుర్తొచ్చి సంతోషపడ్డాను కూడా.

చివరికి గుండెలు కోసి చూస్తే రెండు బోనులవీ ఒకేలా ఉన్నాయి. తేడా లేకపోతే మందుకు విలువ లేదట. నాగవేణి బల్లమీద తల వాల్చేసింది. తర్వాత బోను సర్దుతుంటే సీసా గొట్టంలో ఎర్రటి మరక కనబడింది.

"వీటికేం పోశావు శారమ్మా?"

"కల్వం కడిగిన నీళ్లేనమ్మా."

నాగవేణి తిట్టలేదు. "అయితే మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. మళ్లీ అన్ని ఎలుకలూ కావాలి" అంది. శారమ్మ ఆ గొట్టం అందుకుని మరకను కొంగుతో రుద్దడం మొదలుపెట్టింది.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి శారమ్మ నన్ను కడిగి, మొహం పక్కకు తిప్పుకుని, రోజూ ఆ నీళ్లు మోరీలో పోసింది. వట్టి నీళ్లు తాగినవాటి గుండెలు చెడిపోయాయి. మందు మంచిదని తేలింది. అందరూ మిఠాయి తిన్నారు. శారమ్మ తన ముక్కను కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. పొద్దున్నే శారమ్మ వచ్చి అద్దం తుడుస్తుంది. నా అడుగున ఆ ఎరుపు ఇంకా ఉంది. తలుపు తీసి చుక్క నీళ్లు పోస్తే ఇప్పటికీ మందే. ఆమె అద్దం తుడుస్తుంది గానీ తలుపు తియ్యదు.