కేజీ ఫ్రీ గుడ్లు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో కింద సూరిబాబు కొట్టు, మేడ మీద రెండు గదుల్లో అతని చెల్లెలు రామతులసి. ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాట ఎప్పుడో వచ్చి ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరూ ఎత్తరు, ఆవిడా ఎత్తదు. ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ నీసు ముట్టరు. అలాంటి ఇంటి ఆడమనిషి కోళ్ళ కోసం ఊళ్ళు పట్టుకుని తిరుగుతోందంటే జనం నవ్వరూ మరి? శుభ్రంగా నవ్వారు.

"మనం తినం, కొనం, అమ్మం. మనకెందుకే తులసీ ఈ గొడవ?" అన్నాడు సూరిబాబు మొదటి రోజే. తినేవాళ్ళని అడిగితే, "మీరు తినరు కదండీ, మీకేటి తెలుత్తాది?" అన్నారు. చూశారా తమాషా! తినేవాడికి అడగాలని ఉండదు, తిననివాడికి అడిగే హక్కు లేదు. ఇంక ఆ కోడి గతేమిటో అడిగేదెవరు?

ఆవిడకి ఈ పిచ్చి పట్టింది రెండేళ్ళ కిందట, మే నెల మిట్టమధ్యాహ్నం. కొట్టు ముందు ఒక లారీ టైరు పంచరై ఆగిపోయింది. దాన్నిండా ప్లాస్టిక్ డబ్బాల్లో కుక్కిన కోళ్ళు. గుడ్లు పెట్టడం మానేసిన వాటిని కోతకి తీసుకుపోతున్నారు. నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. రామతులసికి ప్రాణం ఒప్పక, స్టీలు గిన్నె మూతలో నీళ్ళు పోసి ఒకదాని ముందు పెట్టింది. అది ముంచింది, తలెత్తింది, నీళ్ళన్నీ పక్కకి కారిపోయాయి. మళ్ళీ ముంచింది, మళ్ళీ కారిపోయాయి. దగ్గరగా చూస్తే దాని పైముక్కు సగం లేదు.

"దీనికేమైందయ్యా?" అని డ్రైవర్ని అడిగింది.

"ఏటీ అవ్వనేదండి, అన్నిటికీ అంతే. పిల్లప్పుడే కాల్చేత్తారు. నేపోతే ఒకదాన్నొకటి పొడిసేసుకుంటాయి."

"ఎందుకు పొడుచుకుంటాయి?"

"తిరగడానికి జాగా ఉండదు కదండీ! ఏటి సేత్తాయి మరి?"

జాగా ఇస్తే పోయేదానికి ముక్కు కోసేశారన్నమాట! ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆ పూట అన్నం సహించలేదు. ఆ తర్వాత చాలా పూటలు సహించలేదు.

మిగతా సంగతులన్నీ బేబి చెప్పింది. బేబిది తుమ్మపాల అవతల సింగవానిపాలెం. ఆ ఊరి చివర ఉన్న గుడ్ల ఫారంలో పని. ఆదివారాలు బెల్లం కొనుక్కోవడానికి కొట్టుకి వచ్చేది. వచ్చినప్పుడల్లా రామతులసి మేడ మీదికి పిలిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగేది. బేబి నేల చూపులు చూస్తూ చెప్పేది.

"మడతేసిన పేపరంత గూడమ్మా, నాలుగేసి కోళ్ళు. రెక్క ఇప్పుకోడానికుండదు. ఊస మీద నిలబడి నిలబడి గోళ్ళు ఆ ఊసకే సుట్టుకుపోతాయి. సచ్చినదాన్ని లాగితే ఒక్కోపాలి గోరు అక్కడే ఉండిపోద్ది."

రామతులసి ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. అర్జీలు పెట్టింది. 'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది' అనే జవాబులు నాలుగొచ్చాయి. మహిళా మండలిలో మాట్లాడుతుంటే కాఫీలు రాగానే సగం మంది లేచిపోయారు. మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేక, రాసుకున్నదే పైకి చదువుకునేది ఆ రెండు గదుల్లో. కిందనున్న అన్నగారికి వినిపించేది. ఆయన వినపడనట్టు రేడియో సౌండు పెంచేవాడు.

ఇంతలో ఆ ఫారం వాళ్ళే మూడంతస్తుల గూళ్ళతో కొత్త షెడ్లు వేస్తామని బయల్దేరారు. లక్ష కోళ్ళట. దానికి గ్రామసభ తీర్మానం కావాలి. సభ రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ కోరం లేక వాయిదా పడింది. ఎవరొస్తారు చెప్పండి, చెరుకు పనులు వదులుకుని? మూడోసారి పది రోజుల తర్వాత వచ్చే మంగళవారం అన్నారు. రామతులసి ముందే వెళ్ళి పంచాయతీ సెక్రటరీని పట్టుకుంది.

"మీది ఈ ఊరు కాదు కదమ్మా, మీ మాట రాయడానికి అవ్వదు," అన్నాడాయన. మంచివాడే, మెత్తగా చెప్పాడు. "ఊరోళ్ళు ఒక్కరు లేచి వద్దని పేరు రాయించుకుంటే సాలు. పుస్తకంలోకి ఎక్కితే ఫైలు ఇక్కడ తెగదు, పైకెళ్ళాలి. ఎంక్వయిరీ వత్తాది."

ఒక్కరు! రెండేళ్ళుగా తిరుగుతున్న మనిషికి ఒక్కరంటే ఎంత? ఆ ఆదివారమే బేబిని అడిగింది. బేబి చాలాసేపు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చుని, "సూద్దాం లెండమ్మా," అంది. ఆ ముక్కే పట్టుకుని రామతులసి వారం రోజులు బతికింది.

బేబికి తోడుగా నలుగురుంటే ధైర్యం వస్తుందని కరపత్రం వేయించింది. గూళ్ళలో పెంచని కోళ్ళ గుడ్లని పట్నాల్లో కేజ్ ఫ్రీ అంటారని ఎక్కడో చదివింది. ఆ పేరుంటే పెద్ద విషయంలా కనిపిస్తుందని ముచ్చటపడి పైన పెద్దక్షరాలతో 'కేజ్ ఫ్రీ గుడ్లు' అనీ, కింద 'మంగళవారం పది గంటలకి పంచాయతీ ఆఫీసుకి అందరూ రండి' అనీ రాసిచ్చింది. మధ్యలో కోళ్ళ కష్టాలన్నీ చిన్న అక్షరాల్లో, అడుగున తన పేరు. ప్రెస్సు నూకరాజు ప్రూఫు చూపించాడు, ఆవిడ సరే అంది. పేపరు ఏజెంటు చేత ఊళ్ళోకి పంపించే పని కూడా నాదేనన్నాడు.

నూకరాజు ముప్ఫై ఏళ్ళుగా బెల్లం కొట్ల పట్టీలూ పెళ్ళి కార్డులూ అచ్చేస్తున్నవాడు. కస్టమర్ల తప్పులు తనే దిద్దుతాడని పేరు, దానికి గర్వం కూడానూ. మిషనెక్కించే ముందు ఆఖరిసారి చూస్తే 'కేజ్' అని కనబడింది. బెల్లం ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, కేజీ రాయడం రాకపోతే ఎలా? పాపం మేడమ్ గారు గాబరాలో దీర్ఘం మర్చిపోయారనుకున్నాడు. దిద్దేశాడు.

మంగళవారం పది కాకముందే రామతులసి సింగవానిపాలెంలో ఆటో దిగింది. దిగి, అక్కడే నిలబడిపోయింది. పంచాయతీ ఆఫీసు ముందు జనం! వంద కాదు, రెండొందల పైమాటే. ముసలీ ముతకా, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, పొలం నుంచి అలాగే వచ్చేసిన మగవాళ్ళు. ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. నా మాట విన్నారు, ఇంతమంది విన్నారు, నేనొక్కర్తినే కాదు అనుకుంది. ఆ అయిదు నిమిషాల సంతోషం నిజమైనదే, అది ఆవిడ దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు.

తర్వాత చేతుల్లో సంచులు కనబడ్డాయి. సంచులు, బేసిన్లు, బియ్యం డబ్బాలు. ఒకావిడ అడుగున గడ్డి పరిచిన బుట్ట తెచ్చింది.

"కేజీకి ఎన్నొత్తాయి మామా?" అంటున్నాడు ఒకడు.

"పద్దెనిమిదొత్తాయి. సిన్నయ్యితే ఇరవై."

"గుడ్లు కేజీల్లెక్కన ఇచ్చీవోడు ఎవడ్రా, ఎక్కడా సూడనేదు!"

"ఫ్రీగా ఇత్తంటే లెక్క నీకెందుకెహె?"

బుట్ట ఆవిడ రామతులసి చెయ్యి పట్టుకుంది. "ఇచ్చీవోరు మీరేనటమ్మా? మా కోడలు బాలింత, రానేకపోనాది. దాని కేజీ కూడా నాకే ఇచ్చీండి."

రామతులసి ఆవిడ చేతిలోని కరపత్రం తీసుకుని చూసింది. కేజీ ఫ్రీ గుడ్లు. మధ్యలో చిన్న అక్షరాలు ఎవరూ చదివినట్టు లేదు. ముందు నూకరాజు మీద ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. "కేజీ కాదమ్మా, కేజ్... గూడు... గూళ్ళు లేకుండా..." అని మొదలెట్టింది. బుట్ట ఆవిడ చెయ్యి వదిలేసి, "అయితే నేవా గుడ్లు?" అంది.

'నేవా' అనే మాట ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. గోల మొదలైంది. ఎవడో పని మానుకుని వచ్చానన్నాడు. ఇంకెవరో ఈవిడ్ని కదలనివ్వొద్దన్నారు. అప్పుడు లేచాడు ఫారం మేనేజరు ధనరాజ్. కోరం లేదని మూడోసారీ చెప్పించుకోవడానికి దిగాలుగా వచ్చి కూర్చున్నవాడు కాస్తా, జనాన్ని చూసి గంట నుంచీ లోపల్లోపల మురిసిపోతున్నాడు.

"ఎవరూ ఎళ్ళొద్దు!" అన్నాడు కుర్చీ ఎక్కి. "ఆవిడగోరు పిలిసేరు, మేం ఇత్తాం. కేజీ ఏటి, ఇంటికో అట్ట, ముప్ఫయ్యేసి గుడ్లు! మా గుడ్ల యేన్ వత్తంది. ఈలోగా సభ కానిచ్చేద్దాం. పుస్తకంలో సంతకం, సంతకం కాగానే అట్ట."

ఈలలేశారు. రెండుసార్లు ఆ షెడ్లని ఆపింది ఊరి బద్ధకమేనని, ఆ బద్ధకాన్ని వదలగొట్టింది తనేనని రామతులసికి అప్పుడు తెలిసొచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడిక ఆవిడకి ఈ రెండొందల మంది అక్కర్లేదు. ఒక్కరు కావాలి. కళ్ళు బేబి కోసం వెతికాయి.

బేబి సంతకాల వరసలోనే ఉంది. చేతిలో మడత పెట్టిన ఎర్ర సంచి.

దగ్గరికెళ్ళి, "నువ్వు కూడానా బేబీ?" అంది రామతులసి. కోపంగా అందామనుకుంది. ఏడుపులా వచ్చింది.

బేబి తల దించుకోలేదు, అదే ఆశ్చర్యం. సూటిగా చూసింది. "ఏడేళ్ళై సేత్తన్నానమ్మా ఆ పని. రోజుకి నాలుగేలు గుడ్లు ఏరతాను. పగిలినవైనా ఇంటికి తెచ్చుకోనియ్యరు, గేటు కాడ సంచి తడిమి సూత్తారు. మా పిల్లలు ఎన్నిసార్లు అడిగేరో. ఇయాల ఇత్తామంటన్నారు."

రామతులసి లెక్కేసుకుంది. రెండేళ్ళ ఆదివారాలు! కోడికి ఎంత జాగా, కోడికి ఎన్ని నీళ్ళు, కోడి ఎలా చస్తుంది అని పుస్తకం నిండేదాకా అడిగింది. నీ సంగతేమిటి బేబీ అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

"మరి వద్దని చెప్తానన్నావు..."

"సూద్దామన్నాను." బేబి గొంతు తగ్గించింది. "సెప్తానమ్మా, ఇప్పుడే సెప్తాను. సెప్తే రేపు గేట్లోకి రానియ్యరు. మీ బెల్లం కొట్లో పనిప్పిత్తారా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది, కళ్ళలో ఆశ కూడా ఉంది. ఔనను, ఔనను అని రామతులసి మనసు కొట్టుకుంది. కొట్టు అన్నగారిది. ఆవిడ పేరు మీద అందులో ఒక్క బెల్లం దిమ్మ లేదు. ఇలాంటి గొడవ తెచ్చిన మనిషికి పనెలా ఇస్తాడు సూరిబాబు? ఆవిడకే ఆ రెండు గదులు ఇచ్చాడంటే అదే గొప్ప. అబద్ధమాడదామనుకుంది. ఆడలేకపోయింది. నిజమూ చెప్పలేకపోయింది.

బేబి సంచి మడత సరిచేసుకుంది. తర్వాత, "పోనీ లెండమ్మా," అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉన్నా బాగుండును. జాలి ఉంది.

వ్యాను వచ్చింది. సంతకాలు ఒక బల్ల దగ్గర, గుడ్లు ఇంకో బల్ల దగ్గర. తోపులాటలో ముందూ వెనకా అన్నీ తారుమారయ్యాయి. బేబికి సంతకం కంటే ముందే అట్ట చేతికొచ్చింది. ముప్ఫై గుడ్లు, అట్ట మీద మూత కూడా లేదు, చుట్టూ జనం. సెక్రటరీ బల్ల దగ్గర్నుంచి పిలుస్తున్నాడు. బేబి అటూ ఇటూ చూసి, అంతమందిలోనూ రామతులసి దగ్గరికే వచ్చింది.

"ఇవి కూసింత అట్టుకోండమ్మా, సంతకం ఎట్టీసొత్తాను. ఇంకెవరికిచ్చినా రెండు తీసీసుకుంటారు."

రామతులసి చేతులు చాపింది. పుట్టిన తర్వాత ఆవిడ గుడ్డు ముట్టడం అదే మొదటిసారి. ఇంత బరువుంటాయనుకోలేదు. ఎవరైనా తగిలితే పడిపోతాయని అట్టని రెండు చేతుల్తోనూ గుండెకి దగ్గరగా పట్టుకుంది.

బల్ల దగ్గర సెక్రటరీ గొంతు వినిపిస్తోంది. "వ్యతిరేకించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి." ఆవిడది ఆ ఊరు కాదు, ఎత్తినా లెక్కలోకి రాదు. ఆ సంగతి తెలిసీ ఎత్తబోయింది. రెండు చేతులూ ఖాళీ లేవు.

"లేరు," అని రాసుకున్నాడు సెక్రటరీ.