నలభై రెండో రోజు

నేను ఒక మనిషి మెడలో ఏడేళ్లు ఇరుక్కుపోయిన తులసిమాలను. ఎండిన తులసి కొమ్మల్ని కోసి, నునుపు చేసి, యాభైనాలుగు పూసలు లెక్కపెట్టి గుచ్చారు. నాతో పాటు ఒకే గుత్తిలో వేలాడిన మాలలు కార్తీకంలో మెడకెక్కుతాయి. నలభై ఒక్క రోజుల అయ్యప్ప దీక్ష కాగానే దిగి, మిగిలిన ఏడాదంతా ఏ రేకుడబ్బాలోనో నిద్రపోతాయి. నా రాత అలా లేదు.

నన్ను కొన్నది పైడమ్మ. విజయనగరంలో మోటార్లకి వైండింగు కట్టే గౌరినాయుడి భార్య. మాల వేసుకున్నవాడు మందు ముట్టడని ఆ వీధికంతా నమ్మకం. నలభై రెండో రోజున మాల తీసి ఎటు నడుస్తాడో కూడా ఆ వీధికి తెలుసు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాకు ముందు గౌరినాయుడు రెండు మాలలు వేశాడు. రెండుసార్లూ శబరిమల నుంచి వచ్చి, ప్రసాదం పంచకముందే తాగేశాడు. మూడోసారి నన్ను వేసుకున్నాడు. ఇక తియ్యలేదు.

ఏడేళ్లు చుక్క ముట్టలేదు. అందులో అబద్ధం లేదు. ఆ గొప్పంతా తెచ్చి నాకు కట్టబెట్టడమే నాకు ఒళ్లుమంట.

తెల్లారి చన్నీళ్లు పోసుకుని శరణాలు చెబుతాడు. వంటింట్లో గిన్నె చప్పుడైతే శరణం మధ్యలోనే కసురుతాడు. ఆదివారాలు బడి వరండాలో తాగుడు మానినవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. అక్కడ ఎవరైనా మనసు తేలికపడిందని చెబితే, ఇంటికొచ్చి ఆ పూటంతా మొహం ముడుచుకుంటాడు. "నాకెందుకు రాదు ఆ శాంతి?" అని నా పూసలు నలుపుతాడు. నేనేం చెప్పను? కర్రని. జవాబు రాలేదని ఇంకో నియమం పెడతాడు. ఉల్లి మానేశాడు. చెప్పులు మానేశాడు. మంచం మానేశాడు. మానేది ఆయన, రెండు పొయ్యిల మీద వేరువేరుగా వండేది పైడమ్మ. దీక్షలో ఆడవాళ్లందరినీ పిలిచినట్టే ఆమెనీ 'మాతా' అంటాడు. మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత పలకడం మానేసింది.

పైడమ్మ తండ్రి ఈమధ్య పోయాడు. పక్క ఊరే. గౌరినాయుడు నల్లబట్టలతో వీధి మొదట్లో నిలబడి, చావింటికి మాలతో రాకూడదని అక్కడి నుంచే తిరిగొచ్చేశాడు. మూడు రోజులకి పైడమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడే అంది:

"పదకొండో రోజు కర్మకి నువ్వు రావాలి. పెద్దల్లుడివి. రాకపోతే నాను అక్కడే ఉండిపోతాను."

"మాతా, దీక్ష..."

"నాను నీకు అమ్మని కాదయ్యా. మొగుడితో మాటాడి ఏడేళ్లయింది."

గౌరినాయుడు తనకి మాల వేసిన తవుడు అనే గురుస్వామి దగ్గరికి పరుగెత్తాడు, వెళ్లొద్దని ఆయన చేత చెప్పించుకుందామని. గురుస్వామి వక్క నములుతూ అంతా విన్నాడు.

"మామ పోతే మాల తీసెయ్యాలి స్వామీ. అది నేమం."

"మామది మా ఇంటిపేరు కాదు గదా, నాకు మైలేటి?"

"పిల్లనిచ్చినప్పుడు అడిగావేటి, ఇంటిపేరు?"

అప్పుడు గౌరినాయుడి నోట అసలు మాట బయటికొచ్చింది. "కర్మనాడు బావమరుదులు సీసాలు దింపుతారు. మెడలో ఇది నేకపోతే నాను తాగేస్తాను."

"తాగితే తాగుతావు. అప్పుడు మళ్లీ రా, సూద్దాం. తండ్రి కర్మలో ఆ పిల్ల ఒక్కతే ఎందుకు కూకోవాలి?"

గురుస్వామి మంత్రం చదివి నన్ను తీశాడు. ఎండకి నల్లబడిన మెడ చుట్టూ పాలిపోయిన చార ఒకటి మిగిలింది.

ఇంట్లో నన్ను దేవుడి పటానికి తగిలించి మొగుడూ పెళ్లాం ఇద్దరూ కర్మకి వెళ్లారు. ఖాళీ ఇంట్లో నాకు మండిపోయింది. తాగొస్తే నన్ను తీసినందుకే అంటారు. తాగకుండా వస్తే అదీ నా మహిమే అంటారు. ఈ మనుషులకి తమ వంతు అంటూ ఏదీ ఉండదు.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది.

"మా తమ్ముడు గ్లాసు చేతికిస్తే అంట్ల దగ్గరికి పారిపోతావా? అల్లుడుగారు ఆడోళ్లతో డేక్సాలు తోముతున్నాడని ఊరంతా ఒకటే నవ్వు," అంది పైడమ్మ సంచి దించుతూ.

"నవ్వనీ. మెడ తడుముకుంటే ఏటీ నేదు. నోరూరిపోతంది. శరణం ఒక్కటీ గుర్తు రానేదు. చేతులు ఖాళీగా ఉంటే తాగేసేవోణ్ని. ఆ అంట్ల బూడిదలో చేతులెట్టి ఏడిసేను."

"సూసేన్లే. నీ పక్కన పీటేసుకుని కూకున్నది ఎవరనుకున్నావు?"

శాంతి వచ్చిందని చెప్పలేను. ఆ పూటే చారులో ఉప్పెక్కువైందని విసుక్కున్నాడు. "అయితే రేపు నువ్వే కాచు," అంది పైడమ్మ. ఆయన ఇంకేమీ అనకుండా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే నా ముందుకొచ్చి నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. మళ్లీ మెడకెక్కిస్తాడేమోనని బిగుసుకుపోయాను. చెయ్యి సగంలో ఆగి, కిందికి దిగింది. తర్వాత, "ఇయ్యాల తాగకుండా సూడు," అన్నాడు, కోపంగానే.

ఆ మాట నాతో కాదు, నా వెనక పటంలో ఉన్న దేవుడితో. కళ్లు మూసుకుని ఉన్నాడు.