లెక్కలోకి రాని అడుగులు

ఆదివారం పొద్దున ఆరో జొన్నరొట్టె, అదే భాకరీ, తట్టేటప్పుడు కుందా కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. నొప్పి కొత్తది కాదు. రోజూ లేచేసరికి వేళ్లు పిడికిలిలా బిగుసుకుని ఉంటాయి. వేడినీళ్లలో కాసేపు ముంచి ఒక్కో వేలూ విడదీసుకుంటే గాని జడ కూడా వేసుకోలేదు. జొన్నపిండికి ఇవన్నీ పట్టవు. అరచేత్తో తట్టాలి, తిప్పాలి, మళ్లీ తట్టాలి. పెనం మీదకి చేరేదాకా అంచు చీలకూడదు. చీలితే అత్తగారు పళ్లెంలోకి చూసి ఒక్క నిట్టూర్పు విడుస్తారు. రొట్టెలు ఒత్తే మెషీన్ కొనుక్కుందామా అని ఒకసారి అడిగితే భర్త ధనాజీ నవ్వాడు. "చేత్తో తట్టినదాని రుచే వేరు. పైగా నీకూ కాస్త వ్యాయామం."

"కుందా, ఎనిమిదయింది. రా," అని హాల్లోంచి ఇప్పుడు పిలుస్తున్నది కూడా అతనే.

ఆదివారం ఎనిమిదింటికి ఆమె బరువు చూసుకోవాలి. బాల్కనీ తలుపు పక్కన బరువు తూచే యంత్రాన్ని పెట్టింది ధనాజీయే. మిరజ్‌లో నీటి సరఫరా ఆఫీసులో పని చేస్తాడు. నలభై తొమ్మిదేళ్లు, పొట్ట లేదు. తెల్లవారుజామున స్నేహితులతో కలిసి పరుగెత్తుతాడు. ఇంటికెవరైనా వస్తే చొక్కా పైకెత్తి మరీ చూపిస్తాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. భార్య ఆరోగ్యం గురించి ఇంత పట్టించుకునే మగవాడు ఎక్కడుంటాడని ఆమె స్వంత అక్కే అంటుంది.

పిండి చేతులతోనే ఎక్కి నిలబడింది. ధనాజీ వంగి పైకి చదివాడు. "డెబ్బై తొమ్మిదిన్నర. పోయిన వారం కంటే నాలుగువందల గ్రాములు ఎక్కువ. ఏం తిన్నావు?" ఆమె గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుండగానే అతను అంకెని ఫోనులో కుటుంబం గ్రూపులో పెట్టేశాడు. ఆమె వంటింట్లోకి వెళ్లేలోపే ఇచల్‌కరంజీ నుంచి ఆడపడుచు జవాబు వచ్చింది. ధనాజీ అదీ పైకి చదివాడు. "వదినా, రాత్రి అన్నం మానేసి చూడండి. మా పక్కింటావిడ మూడు నెలల్లో కరిగిపోయింది."

కుందాకి నలభై నాలుగేళ్లు. ఒకప్పుడు జిల్లా జట్టులో కబడ్డీ ఆడింది. అవతలి గీత తాకి వెనక్కి దూకేటప్పుడు ఇద్దరు కాళ్లు పట్టుకున్నా ఈడ్చుకుంటూ వచ్చేసేది. ఆ ఆటే బాలికల ఉన్నత పాఠశాలలో ఆటల టీచరు ఉద్యోగం ఇచ్చింది. ఆరేళ్ల క్రితం కీళ్లవాతం పట్టుకుంది. ముందు వేళ్లు, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత ఎక్కడ అని చెప్పలేనంతగా ఒళ్లంతా. మాత్రలు మింగితే ముఖం ఉబ్బి ఒళ్లొస్తుంది, మానేస్తే మంచం దిగలేదు. నడిస్తే మోకాళ్లు వాస్తాయి. నడవకపోతే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఆ మోకాళ్లే ఇంకా వాస్తాయి. ఈ గానుగ చుట్టూ తిరుగుతూ ఆరేళ్లు గడిచాయి. చూపించుకున్న ముగ్గురు డాక్టర్లూ చీటీ చివర ఒకే మాట రాశారు. బరువు తగ్గించాలి, చురుగ్గా ఉండాలి.

బడిలో జూన్‌లోనే మైదానం ఆమె చేతుల్లోంచి పోయింది. పెద్ద మేడమ్ గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా చెప్పింది. "తప్పుగా అనుకోకండి బాయీ. ఆటల టీచరంటే పిల్లలకి చూడగానే ఉత్సాహం రావాలి కదా. మీరు కుర్చీలో కూర్చుని ఈల వేస్తుంటే తల్లిదండ్రులు ఏమనుకుంటారు?" ఆ కుర్చీలో కూర్చునే పోయిన ఏడాది పిల్లలని తాలూకా పోటీల్లో గెలిపించానని అనాలనుకుంది కుందా. టీ కప్పు రెండు చేతులతో పట్టుకోవలసి వస్తోందని ఆవిడ చూస్తుందేమోనన్న భయంలో ఆ మాట లోపలే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె హాజరు పట్టీలు రాస్తుంది. కిటికీలోంచి ఆడపిల్లల అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. పెన్ను పట్టుకున్న బొటనవేలు మెల్లగా మండుతూ ఉంటుంది.

ఆగస్టులో పుట్టినరోజుకి ధనాజీ చేతికి కట్టుకునే పట్టీ తెచ్చాడు. రోజుకి ఎన్ని అడుగులు వేశారో లెక్కపెడుతుందట. "ఇంక మోసం కుదరదు. రోజుకి పదివేలు," అన్నాడు ముద్దుగా, స్వయంగా కడుతూ. మణికట్టు వాపు మీద అది బిగుతుగా ఉందని చెబితే ఒక రంధ్రం వదులు చేశాడు.

మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర పట్టీ వైపు చూసి అతని కనుబొమలు ముడిపడ్డాయి. పద్నాలుగు వేల చిల్లర. ఆ రోజు ఆమె ఇల్లూ బడీ తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. మంచినీళ్లు పట్టడం, మొలకల ఉసళ్ తాలింపు, అత్తగారికి వేడినీళ్లు, బట్టలు మేడ మీద ఆరేయడం, తీయడం, బడిలో రెండంతస్తులు, మళ్లీ వంట, గిన్నెలు. ధనాజీ పట్టీ విప్పి తన చేతికి పెట్టుకుని హాల్లో ఇటూ అటూ నడిచి చూశాడు. యంత్రం సరిగ్గానే ఉంది.

"ఇంట్లో తిరిగినవి లెక్కలోకి రావు కుందా," అన్నాడు చివరికి. "గుండె వేగం పెరగాలి, చెమట పట్టాలి. అది పని, వ్యాయామం కాదు."

"మరి పని తగ్గిస్తే వ్యాయామం చేస్తాను."

"ఇంటిపనికి కూడా అలసట వచ్చేస్తోందంటే ఎంత బద్ధకం పెరిగిందో నువ్వే చూసుకో."

అత్తగారు మజ్జిగ కలుపుకుంటూ కొడుకుకేసీ కోడలికేసీ చూసి తల దించుకున్నారు.

మర్నాటి నుంచి సాయంత్రాలు అతను ఆమెని ఊరి మైదానానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. తను చుట్టూ పరుగెత్తుతూ ప్రతి చుట్టుకీ ఆమెని దాటుతూ "శభాష్, ఆగకు, నొప్పి మనసులోంచి వస్తుంది," అని భుజం తట్టి వెళ్లేవాడు. బెంచీల మీద కూర్చున్న ముసలివాళ్లు మెచ్చుకోలుగా చూసేవాళ్లు. నాలుగో చుట్టుకి కుందా చీలమండల్లో గాజుపెంకులు కూరినట్టు ఉండేది. నడక అయ్యాక ఇంటికొచ్చి అతను కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఆమె పొయ్యి వెలిగించేది. పదకొండు రోజులు అలా నడిచింది. తాను నిజంగా బద్ధకస్తురాలేమో, ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తే ఏదో ఒక మలుపు దగ్గర ఆ పాత కాళ్లు తనకి దొరుకుతాయేమో అని ఆశ. ఆశ కంటే క్రూరమైనది ఇంకొకటి లేదని పన్నెండో రోజు తెలిసింది.

ఆ రోజు పొద్దున స్నానాల గదిలో పీట మీద కూర్చుని అత్తగారి చీరలు ఉతికింది. లేవబోతే మోకాళ్లు తెరుచుకోలేదు. కొళాయి పట్టుకుందామంటే వేళ్లు మూసుకోలేదు. గోడకి ఆనుకుని మళ్లీ ప్రయత్నించి, జారి, తడి నేల మీద కూర్చుండిపోయింది. తలుపు గడియ తలకి రెండు జానల ఎత్తులో ఉంది. ఇద్దరు మనుషుల్ని ఈడ్చుకుంటూ గీత దాటి వచ్చిన శరీరం రెండు జానలు పైకి లేవలేకపోయింది.

"కుందా, టీ ఏదీ?" బయట ధనాజీ గొంతు. కాసేపటికి, "లోపల అంతసేపు ఏం చేస్తున్నావు? నాకు ఆలస్యమవుతోంది." జవాబు చెబితే ఏడుపొస్తుంది, ఏడిస్తే నాటకమంటాడు. బకెట్‌లో నీళ్లు నిండి పొర్లి ఆమె తొడల కిందకి పారుతున్నాయి. నాకిలాగే ప్రాణం పోతే బాగుండు, అనుకుంది. ఆ ఆలోచనకి భయం వేయలేదు, అదే ఆమెని భయపెట్టింది. ఎంత తేలిగ్గా వచ్చింది, పాలు తేవాలన్నంత మామూలుగా. అందరూ బాధపడతారు, పదో రోజుకి రొట్టెల మెషీన్ కొనుక్కుంటారు.

చివరికి మోచేతుల మీద పాకి, బట్టలు బాదే కర్రతో గడియ తోసింది. తలుపు తెరిచి ధనాజీ నిలబడ్డాడు. ముందు కంగారుపడ్డాడు, అది నిజం. చంకల కింద చేతులు వేసి లేపబోయి, ఆమె బరువుకి ఒక క్షణం తూలి, అన్నాడు, "చూశావా, పదికిలోలు తగ్గి ఉంటే ఈ గతి పట్టేదా?"

మంచం మీద కూర్చోబెట్టాక అతను డాక్టరుకి ఫోను చేయడానికి బయటికి వెళ్లాడు. తడి బట్టలు మార్చడానికి వచ్చింది అత్తగారే. జాకెట్టు హుక్కులు పెట్టడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అప్పుడు చూసింది కుందా, ఇరవై ఏళ్లుగా తన ముందున్న ఆ చేతుల్ని మొదటిసారి దగ్గరగా. వేళ్లన్నీ అల్లం కొమ్ముల్లా వంకర తిరిగి ఉన్నాయి.

"ఆయీ, మీకూ ఉందా ఇది?"

"నీకంటే చిన్న వయసులో వచ్చింది," అన్నారావిడ, గొంతులో ఒకరకమైన గర్వంతో. "నువ్వు ఈ ఇంటికొచ్చేదాకా ఈ చేతులతోనే రోజుకి ముప్ఫై భాకరీలు తట్టాను. ఒక్కరోజు నోరెత్తానా? మీ మామగారు ఈ సంగతి తెలియకుండానే పోయారు." హుక్కు పట్టింది. ఆవిడ కొంగు సరిచేసి, కోడలి ముఖంలోకి చూడకుండా, ఇంకా మెల్లగా అన్నారు. "ధనాజీకీ తెలీదు."

ఆ మధ్యాహ్నం సాంగ్లీలో కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు ధనాజీ. ముప్ఫై ఐదేళ్లుంటాయేమో ఆవిడకి. వెనకటి కాగితాలన్నీ తిరగేస్తుంటే అతనే చెప్పుకుపోయాడు. "ఒకప్పుడు కబడ్డీ ఆడిందండీ. ఇప్పుడు కదలడమే లేదు. రోజూ నేనే నడిపిస్తున్నాను. బరువొకటి తగ్గితే చాలు, అన్నీ సర్దుకుంటాయి."

డాక్టరు తలాడించింది. మామూలుగా అందరూ అడిగేదే అడిగింది, కాగితం మీంచి తల ఎత్తకుండా. "నొప్పి పదిలో ఎంత ఉంటుంది?"

"మూడో నాలుగో," అన్నాడు ధనాజీ. "పనులన్నీ చేసుకుంటుందిగా."

అతను అబద్ధం చెప్పలేదు. ఆరేళ్లుగా ప్రతి డాక్టరు ముందూ కుందా నాలుగు అనే చెప్పింది. నాలుగంటే ఓపికున్న ఆడది. ఆరంటే సతాయించేది. ఎనిమిదంటే, మరి పొద్దున వంట ఎవరు చేశారమ్మా అని అడుగుతారు. నాలుగుతో అందరికీ బాగుంటుంది. ఆమె నాలుక చివర నాలుగు సిద్ధంగా ఉంది. కానీ పొద్దుటి నుంచి ఆమె కళ్ల ముందు ఆ వంకర వేళ్లు హుక్కు కోసం తడుముకుంటూనే ఉన్నాయి.

"తొమ్మిది," అంది కుందా.

డాక్టరు పెన్ను ఆగింది. తల ఎత్తి మొదటిసారి ఆమె వైపు చూసింది. "ఇవాళా?"

"ఆరేళ్లుగా."

ధనాజీ కుర్చీలో ఆమె వైపు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు, ఎవరో తెలియని మనిషి పక్కన కూర్చున్నట్టు చూస్తున్నాడు. "తొమ్మిదేమిటి కుందా? తొమ్మిదైతే రోజూ ఇంత పని ఎలా చేస్తున్నావు?"

"తొమ్మిదితోనే చేస్తున్నానండీ," అంది ఆమె, డాక్టరు వైపే చూస్తూ. "రేపటి నుంచి చెయ్యను."