ప్లేటులో తెల్ల చుక్క

దైవాశీర్వాదం సీసా వంచి ప్లేటులో పోశాడు, మూత పెట్టాడు, పక్కది అందుకున్నాడు. లేత పసుపు జావ అరచేయంత ప్లాస్టిక్ ప్లేటులో సమంగా పరుచుకుంది. బుడగ కనిపిస్తే ఆయనకు అన్నంలో రాయి తగిలినంత చిరాకు. బట్టతల, బుగ్గ మీద పుట్టుమచ్చ, ఎడమవైపుకు కాస్త వంగిన నడుము, తెల్లకోటు కింద భార్య లూసీ అల్లిన బూడిదరంగు స్వెట్టర్. అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఆ చిన్న మందుల కంపెనీలో ఆయన గురించి అడిగితే 'ప్లేట్లు పోసే ఆయన' అంటారు. అంతకుమించి ఎవరికీ తట్టదు. ఆయనకూ తట్టదు.

రేపల్లెలో హైస్కూలు ల్యాబ్ అటెండరుగా ఉండేవాడు. లూసీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని అమెరికా వచ్చాడని తెలుగు చర్చిలో మొదట్లో వేళాకోళం చేశారు. అందులో అబద్ధమేముందని ఆయన కూడా వాళ్ళతోపాటు నవ్వేశాడు.

ఆ ప్లేట్ల మీద పెంచేది ఈస్ట్, రొట్టెను పొంగించే ఈస్టే. అందులోకి మనిషి జన్యువు ఒకదాన్ని చొప్పించారు. క్యాన్సర్ కణాల్లో అదుపు తప్పేది అదే. ఆ జన్యువు పనిచేస్తున్నంతకాలం ఈస్ట్ పెరగదు. ఏదైనా రసాయనం దాన్ని అడ్డుకుంటే మాత్రం ఈస్ట్ ఊపిరి పీల్చుకుని ప్లేటు మీద తెల్ల చుక్కగా లేస్తుంది. అంటే ఆ రసాయనం రేపెప్పుడో మందు కావచ్చు. ఏళ్ళ తరబడి వేల రసాయనాలు వేసి చూశారు. చుక్క లేవలేదు.

పోయిన వారం లేచింది.

లూసీకి వచ్చింది కూడా ఆ జన్యువుతో ముడిపడిన క్యాన్సరే. కీమో ఇక చాలని అప్పటికే చెప్పేసింది. పాపం, ఆమె ఒంట్లో ఇంక ఓర్చుకునే ఓపిక మిగల్లేదు. చుక్క లేచిన సాయంత్రం ఆయన నోరు ఆగక ఆ సంగతి చెప్పాడు. ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, "అయితే ఇంకో రౌండ్ కీమో చేయించుకుంటాలెండి" అంది. ఆదివారం పాస్టరు షాలేం రాజు గారు ఆ చుక్క కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. ఈస్ట్ చుక్క కోసం మోకరించిన సంఘం ఇంకొకటి ఉంటుందో లేదో. కీమో రేపు పొద్దున్నే. చుక్క మందు కావాలంటే ఏళ్ళు పడుతుందని ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాటా లూసీకి చెప్పలేదు.

"అంకుల్, ఒకసారి వస్తారా?" ఆ ప్రయోగాలన్నీ చూసుకునే సైంటిస్టు పద్మిని పిలిచింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడింది. అప్పుడే ఆయనకు సగం అర్థమైంది.

"ఆ చుక్క మన ఈస్ట్ కాదంకుల్. టెస్ట్ చేశాను, హ్యూమన్ జీన్ లేదు. బయటి నుంచి వచ్చి పడింది."

"బయటి నుంచంటే?"

"బ్రెడ్, ఇడ్లీ పిండి, దేంట్లోనైనా ఉంటుంది కదా." అంటూనే ఆమె చూపు ఆయన ముంజేతి మీద ఆగింది. కోటు చేతిలోంచి బయటికొచ్చిన స్వెట్టర్ అంచున పిండి ఎండి అట్టకట్టి ఉంది.

ఇడ్లీ పిండి చేత్తో కలిపితేనే పులుస్తుందని లూసీ పట్టు. అదీ తన చేత్తోనే. ఆయన చెయ్యి చల్లదట, పనికిరాదట. ఇప్పుడామెకు గిన్నె పట్టుకునే బలం లేదు. ఆయన గిన్నె పట్టుకుంటాడు, ఆమె కలుపుతుంది, పిండి ఆయన స్వెట్టర్ మీద పడుతుంది.

"ఏం కాదంకుల్, మళ్ళీ సెటప్ చేద్దాం. ఆంటీకి నేను ఫోన్ చేసి చెప్పనా?"

"వద్దమ్మా. నేనే చెప్తాలే."

ఇంటికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆయన అదే ఆలోచించాడు. చెప్తే ఆమె ఆశ పోతుంది. చెప్పకపోతే ఒక పిండి మరక కోసం రేపు ఆ మంటను మళ్ళీ ఒంట్లోకి ఎక్కించుకుంటుంది.

ఇంటికి వెళ్ళేసరికి లూసీ వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. పిండి రుబ్బి ఉంది, గిన్నె పట్టుకునే మనిషి కోసం చూస్తోంది. ఆయన స్వెట్టర్ విప్పి వచ్చి గిన్నె పట్టుకున్నాడు. ఆమె చెయ్యి ముంచింది.

"లూసీ, ఆ చుక్క మందు వల్ల లేచింది కాదంట."

"మరి?"

"ఈ పిండే. నా స్వెట్టర్‌కి అంటుకొని ల్యాబ్‌దాకా వచ్చింది."

చెయ్యి ఆగింది. తర్వాత ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి కాబట్టి రెండో చేత్తో పక్కటెముకలు పట్టుకుని మరీ నవ్వింది. "అంటే అక్కడ కూడా నా చెయ్యే పనిచేసిందన్నమాట."

"అది నిజంగా మందైనా మన చేతికి రావడానికి పదేళ్ళు పట్టేది. నీకు ముందే చెప్పాల్సింది."

"నర్సునండీ, నాకు తెలీదా? ఆ రోజు మీ మొహం అట్టా వెలిగిపోతుంటే వద్దనలేకపోయా."

ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆమె కలపడం పూర్తిచేసి, వేళ్ళకున్న పిండిని గిన్నె అంచుకు రాసింది.

"రేపటిది క్యాన్సిల్ చేయండి. గిన్నె అవెన్‌లో పెట్టి లైట్ వేయండి, ఈ చలికి పులవదు. నేను కాసేపు పడుకుంటా."

ఆయన గిన్నె పెట్టి లైట్ వేశాడు. హాస్పిటల్‌కి ఫోన్ చేసి కీమో క్యాన్సిల్ చేశాడు. ఆ మాట చెబుదామని గదిలోకి వెళితే లూసీ కిటికీవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ వెచ్చగా ఉండే చెయ్యి, ఆయన చేతికన్నా చల్లగా ఉంది. గోళ్ళ మూలల్లో పిండి ఇంకా తడి ఆరలేదు.

ఆ రాత్రే చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడారు, ప్రార్థన చేశారు. ఫ్యూనరల్ హోమ్‌వాళ్ళు ఆమెను తీసుకెళ్ళారు.

తెల్లవారి ఆయన మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. అవెన్‌లో లైట్ వెలుగుతూనే ఉంది. గిన్నె అంచున ఆమె వేళ్ళ చారలు ఎండి ఉన్నాయి, పిండి పొంగి మూతను ఒక పక్కకు ఎత్తింది.