అబద్ధాల శశిధర్‌కు పడిన డ్యూటీ

మిర్యాలగూడ శశిధర్ నోరు విప్పితే అందులో చిటికెడు నిజం దొరికినా ఆ రోజు పండగే. రైసుమిల్లులో గుమస్తాగా నలభై ఏళ్లు చేసి, ఇంట్లో ఊరికే కూర్చోలేక, సూర్యాపేటలో నయంకాని రోగులకు సేవ చేసే కేంద్రంలో వలంటీరుగా చేరాడు. ఎవరి ఇంటికి ఎవరిని పంపాలో చూసే విజయలక్ష్మి అతన్ని ముసలివాళ్ల దగ్గరికే పంపేది. పిల్లల దగ్గరికి ఒక్కసారి పంపితే ఒట్టు. పిల్లలతో అబద్ధమాడకూడదన్నది అక్కడి మొదటి నియమం మరి.

ఆ గురువారం మాత్రం ఆమెకు వేరే దారి లేకపోయింది. కోదాడ పక్కన చిలుకూరు దగ్గరి తండాలో, ఆ కేంద్రంవాళ్లు చూసుకున్న సక్కుబాయి పోయి ఇరవై రోజులైంది. అప్పుడు చుట్టాలింట్లో ఉన్న ఎనిమిదేళ్ల కూతురు నందినికి, అమ్మ హైదరాబాద్ దవాఖానలో ఉందని చెప్పారు ఇంట్లోవాళ్లు. పిల్ల బడి మానేసి, పొద్దస్తమానం బస్సు ఆగే చోటే కూర్చుంటోంది. "ఇగ నాతోని కాదు మేడమ్, మీరే వచ్చి చెప్పున్రి" అని అమ్మమ్మ శాంతాబాయి ఫోన్ చేసింది. పిల్లలతో మాట్లాడే కోదాడ ప్రియాంకేమో జ్వరంతో మంచం పట్టింది.

"బాబాయ్, నువ్వే రావాలె. ఒక్క కోత కోసినవో, ఊకోను!"

"కొయ్యను బిడ్డా. మా మిల్లు చిమ్నీ మీద ఒట్టు."

తీరా వెళ్లి బస్సు ఆగే చోట పిల్ల పక్కన కూర్చున్నాక అతను మొదలుపెట్టింది ఆ చిమ్నీతోనే.

"ఒక ఏడు గాలివానకు మా చిమ్నీ మీద వరి మొలిచింది. కోతకు కూలోళ్లు పతంగులు పట్టుకొని ఎగిరిన్రు."

"అబద్ధం! పతంగి మనిషిని మోస్తదా?"

"దొరికిపోయిన. మరి ఇది విను. కృష్ణల ఒక చేప తోక ఊపితే సాగర్ గేట్లు లేచినయ్."

"గిది గూడ అబద్ధమే!"

శాంతాబాయి పక్కన నిలబడ్డ విజయలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. ముసలాయనను లాక్కుపోదామని అడుగు వేసిందో లేదో, అతని గొంతు తగ్గింది.

"జర ఇటు సూడు బిడ్డా. మీ అమ్మ హైదరాబాద్‌ల లేదు. సచ్చిపోయింది. ఇగ రాదు."

నందిని అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "గిది గూడ ఉత్తదేనా, తాతా?"

"కాదు. ఇది నిజం."

పిల్ల అమ్మమ్మ వైపు తిరిగింది. "నిజమే బిడ్డా. చెప్పనీకి నాకే నోరు రాలే" అంది శాంతాబాయి. నందిని ఆమె ఒళ్లో పడి గొల్లుమంది. కోదాడ బస్సు వచ్చి ఆగింది, పోయింది. పిల్ల తలెత్తి చూడలేదు.

ఇంటికి వెళ్లి, అమ్మమ్మ కలిపి పెట్టిన అన్నం సగం తిన్నాక అడిగింది: "తాతా, మల్ల వస్తవా?"

శశిధర్ విజయలక్ష్మి వైపు చూశాడు. "ప్రతి గురువారం వస్తడు" అందామె, ఫోన్‌లో, పిల్లల దగ్గరికి వెళ్లే వలంటీర్ల జాబితాలో అతని పేరు ఎక్కిస్తూ.

"మా అమ్మ ఒక్కతే రెండు మిరపకాయ బస్తాలు ఎత్తేది, ఎరుకేనా?"

"మూడని విన్ననే!"

"రెండే! నేను సూసిన."

శశిధర్ చటుక్కున లెంపలేసుకున్నాడు.