కాటా కాడ హాజరు

“పొద్దున పాలు విరిగినయ్ దూలన్నా. ఇయ్యాల ఏదో ఒకటి అయితది,” అంది సకీనా, కాటా గది తాళం తీస్తూ.

“మొన్న గిట్లనే అంటివి గదా సకీనమ్మా. ఏమైంది? వాన పడ్డది.”

దూలయ్య తలెత్తకుండానే అన్నాడు. చెప్పులు పక్కన విడిచి, లారీలెక్కే ఇనుప పలక అంచున పేరుకున్న బొగ్గు బురదను పలుగుతో గోకుతున్నాడు. బురద ఇరుక్కుంటే తూకం తప్పు చూపిస్తుంది. చెప్పులు మాత్రం ఆయన సొంత నియమం. అన్ని టన్నుల పలక మీద నీ చెప్పుల బరువెంత అని ఎవరెంత నవ్వినా, వాటితో ఏనాడూ పలక ఎక్కలేదు. సన్నటి మనిషి. అడవి పక్క గూడెం నుంచి తెల్లారకముందే నడిచొచ్చి, మంచినీళ్లు నింపిన ఆనపబుర్రను కిటికీ ఊచకు తగిలించి పనిలోకి దిగుతాడు.

మణుగూరు నుంచి భద్రాచలం పోయే దారిలో ఉంది ఆ కాటా. గది లోపల కంప్యూటరు, ప్రింటరు, ఒక ఫ్యాను. సకీనా పది తప్పింది. టైరు పంక్చర్ల దుకాణం నడిపే భర్త అబ్దుల్ సత్తార్ ఒకరోజు ట్యూబులు కొనుక్కొస్తానని భద్రాచలం పోయాడు. సాయంత్రం ఎవరి ఆటోలోనో, మొహం మీదిదాకా దుప్పటి కప్పి తెచ్చారు. ఆ తర్వాతే ఆమె కంప్యూటరు నేర్చుకుని ఈ కుర్చీలో కూర్చుంది. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా, వాళ్లు మళ్లీ వచ్చేదాకా ఆమె గొంతులోకి ముద్ద దిగదు.

మిషను ఆన్ చేసి నల్ల తెర తెరిచింది. ఒక వానాకాలం కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లో కెమెరాను నడిపించే ఎక్స్‌టెన్షను దానంతటదే ఎగిరిపోయింది. ఫొటో లేక స్లిప్పు రాలేదు, లారీలు రోడ్డు మలుపు దాకా నిలబడిపోయాయి. ఖమ్మం నుంచి ఫోనులో మాట్లాడిన కుర్రాడు ఒక ఇంగ్లిషు ముక్క టైపు చేయించి, “ఇప్పుడు మిషన్లో ఎక్కించినవన్నీ వరసగా పడతాయి మేడం. పైకి చదవండి,” అన్నాడు. తను వినడానికి చదవమన్నాడని ఆమెకు తోచలేదు. చదవడం కూడా పనిలో భాగమే అనుకుంది. అప్పట్నుంచి ఫోనులో ఎవరూ లేకపోయినా పొద్దున్నే ఆ ముక్క కొట్టడం, వచ్చిన పేర్లు గట్టిగా చదవడం.

మొదటిసారి విన్నప్పుడు దూలయ్య, ఉపాధి పని దగ్గరలా హాజరు పిలుస్తున్నారనుకున్నాడు. తన పేరు ఎంతకీ రాకపోయేసరికి, ఎందుకైనా మంచిదని ప్రతి పేరుకీ పలికాడు. సకీనా పొట్ట పట్టుకుని నవ్వింది. అసలు సంగతి తెలిశాక కూడా ఆయన మానలేదు.

“కెమెరా,” చదివిందామె.

“ఉన్న!” అన్నాడు బయట్నుంచి.

“ప్రింటర్.”

“ఉన్న!”

“తెలుగు అక్షరాలు.”

“గవి నాకు రావు గాని, ఉన్న!”

రోజూ ఆ మాటకి నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. కొడుకు సాజిద్ మొదటిసారి ఒంటరిగా టిప్పరు నడుపుతున్నాడు.

కాసేపటికే వాడి బండి వచ్చింది. దూలయ్య ఎర్రగుడ్డ ఊపుతూ పలక మీదికి ఎక్కించాడు. బొగ్గు లోడు. గోదావరి అవతల ఇటుక బట్టీలో దించి, ఖాళీ బండిని సాయంత్రం మళ్లీ ఇక్కడే తూయించాలి. సకీనా కిటికీలోంచి స్లిప్పు అందించింది. కొడుకు చేతిని వదల్లేదు.

“మలుపుల కాడ హారన్ కొట్టు బేటా. బర్రెలు అడ్డమొస్తయ్. జల్దీ జేయకు.”

“అమ్మీ, ఎనక బండ్లున్నయ్. చెయ్యి ఇడువు.”

బండి పోయింది. అడవి దారిలో సిగ్నలు ఉండదని తెలిసీ ఆమె ఫోను చేస్తూనే ఉంది. ప్రతిసారీ అదే ఆడగొంతు, అదే మాట. లోయలో పడ్డ బండి, పగిలిన అద్దం, దుప్పటి. ఒకటి చెరిపేస్తే ఇంకొకటి కళ్లముందుకు వచ్చేది. మధ్యలో లారీలు వచ్చాయి, తూగాయి, పోయాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మధ్యాహ్నం రొట్టె ఇస్తే దూలయ్య తినలేదు. పక్కన పెట్టి భుజం రుద్దుకున్నాడు.

“చెయ్యి గుంజుతాంది సకీనమ్మా.”

“బామ్ రాస్కో దూలన్నా,” అంది ఫోను వంకే చూస్తూ. “ఇంతసేపైంది, దించి మర్లిండంటవా?”

“వస్తడు. ఆ మలుపు కాడ నాకే ముందుగాల కనవడ్తడు. నీకు చెప్త గదా.” ఆనపబుర్ర తీసి చాచాడు. “గిన్ని నీళ్లు తాగు. పానం సల్లబడ్తది.”

ఆమె ఎప్పట్లాగే వద్దంది. ఇంట్లో కాచి తెచ్చుకున్న నీళ్లు తప్ప ఏవీ ముట్టదు. ఏ నీళ్లలో ఏ రోగం ఉందో. ఆయన బుర్రను మళ్లీ ఊచకు తగిలించి, గోడవారన వేసుకున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

ఎండ వాలింది. మలుపు దగ్గర హారన్ మోగింది. సకీనా లేచింది. టిప్పరు. అద్దం వెనక సాజిద్ మొహం. ఆమె ఫోను టేబులు మీద పెట్టి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

బండి పలక ముందు ఆగింది. ఎర్రగుడ్డ ఊగలేదు. ఇంకోసారి హారన్.

“మామా! నిద్రవోతున్నవా ఏంది?”

టైరు మీద దూలయ్య, తల కిటికీ గోడకు ఆనించి, చూపు మలుపు వైపే పెట్టి ఉన్నాడు. సాజిద్ దిగి వచ్చాడు. భుజం పట్టి కదిపాడు. వంగి ముక్కు దగ్గర వేలు పెట్టాడు.

“అమ్మీ…”

“నువ్వు బాగనే ఉన్నవా బేటా?” అంది సకీనా.

“నేను బాగనే ఉన్న. మామ…”

ఆమె విన్నది. మాట లోపలికి దిగలేదు. టేబులు మీద ఫోను వెలుగుతూనే ఉంది. పొద్దుట్నుంచి అన్ని చావులు తలచుకుంది. ఊచకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషిని ఒక్కసారీ తలచుకోలేదు.

గూడెంలో మట్టి చేసి వచ్చారు. కాటా ఆగదు కదా. తెల్లారి సకీనా తాళం తీసింది. నల్ల తెర తెరిచి, ఆ ముక్క కొట్టింది. పేర్లన్నీ వచ్చాయి. ఏదీ ఎగిరిపోలేదు.

“కెమెరా,” చదివింది.

పలక మీద బురద ఎండి ఉంది.

“ప్రింటర్.”

ఒక లారీ ఆగకుండా వెళ్లిపోయింది. ఆమె మూడో పేరు మీద చూపు నిలిపి కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. దుమ్ము లేచి మళ్లీ పడింది. చాలాసేపటికి, అలవాటైన నోరు దానంతటదే పలికింది.

“తెలుగు అక్షరాలు.”

తెర మీద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

“గవి నాకు రావు గాని, ఉన్న.”

ఆడగొంతు. సకీనా తిరిగి చూసింది. దూలయ్య భార్య నాగక్క. ఆయన సామాను తీసుకుపోదామని వచ్చినట్టుంది. పలుగు, ఎర్రగుడ్డ, చెప్పులు ఒక చేత్తోనే పట్టుకుని గోడవారన నిలబడి ఉంది. ఎప్పట్నుంచి అక్కడ ఉందో.

“రోజు మాపటికి ఇంటికొచ్చి జెప్పేటోడు,” అంది నాగక్క. చేతిలోవి చంకన పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయింది.

కిటికీ ఊచకు ఆనపబుర్ర అలాగే ఉంది, సగం నీళ్లతో, ఆయన చెయ్యి పట్టీ పట్టీ నున్నబడ్డ మెడ మీద పల్చగా బొగ్గు దుమ్ముతో.