పెళ్ళినాటి గొంగడి

ఈరయ్య మా బావ. బావ అని పిలవడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. తాండూరు బండలు పరచడంలో చెయ్యి తిరిగినవాడు. విశాఖపట్నం అవతల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక కొండ మీద లైట్‌హౌస్ కట్టి, అక్కడి ఇళ్ళకు మా బండలే కావాలన్నారట. వాటితో పాటే రైలెక్కాడు. దసరాకు వస్తానని పోయినవాడు మళ్ళీ దసరా దాటినా రాలేదు.

బొంరాస్‌పేటలో గొర్లు కాస్తూనే మా అక్క బుగ్గమ్మ ఊలు వడికి, అతని కోసం కొత్త గొంగడి నేయించింది. దాన్ని చంకన పెట్టుకుని, "వస్తడా రాడా, ముఖం మీదనే అడుగుత" అంటూ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

అక్కడ ఏం చేశాడనుకున్నారు? అక్కను నోరు తెరవనివ్వకుండా, నాకు చూపిస్తున్నట్టు కొండంతా తిప్పాడు.

"గా కొండ అంచుల గద్దలు గూళ్ళు వెట్టినయి, సూడు బిచ్చయ్యా. గీ గోరీలు ఓడ పగిలి సచ్చిన తెల్లోళ్ళయి. కింద ఇసుకల తాబేళ్ళు గుడ్లు వెట్టి పోతయి. మల్ల ఎనకకు తిరిగి సూడయి."

ఆ మాట అంటున్నప్పుడైనా సిగ్గుపడాలి కదా, మనిషన్నవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంటికెప్పుడొస్తవ్?" అని అక్క అడిగింది.

"జర ఆగు, ఇంక సూసేటియి మస్తున్నయి" అన్నాడు.

కొండ దిగుతుంటే ఒక గుడిసె ముందు అక్క ఆగిపోయింది. నేల మీద పరిచిన నల్ల గొంగడి నిండా ఎండుచేపలు. దాని అంచున తెల్ల ఊలుతో మా అమ్మ వేసిన కుట్టు. మా కురుమల ఇళ్ళలో పెళ్ళి గొంగడిని చెప్పుకాలితో తాకనివ్వరు. ఈ గొంగడి మీద కూర్చునే అక్కా, ఈరయ్యా తలంబ్రాలు పోసుకున్నారు. దారిలో చలి పెడుతుందని అక్కే దాన్ని ఇచ్చి పంపింది. పక్కన దండెం మీద ఈరయ్య అంగీ ఆరుతోంది. లోపలి నుంచి వచ్చిన మనిషి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది.

"ఎవులయ్యా ఈలు?" అని ఆమె అతన్నే అడిగింది. అతను సముద్రం వైపు చూశాడు.

నేను చెయ్యెత్తాను. అక్క నన్ను పక్కకు తోసింది. వంగి, చేపలన్నీ ఏరి ఆమె గంపలో వేసింది. గొంగడి దులిపి మడిచింది. చంకలోని కొత్తది తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నీకు ఎర్కలేదు. నీ మీద నాకు కోపం లేదు. చేపలు దీని మీద ఎండవెట్టుకో. దీని మీద ఎవ్వల పెండ్లి కాలే."

అప్పుడు కదిలాడు మహానుభావుడు. "పొద్దు గూకుతుంది, ఏడ పోతవ్ బుగ్గమ్మా? రాత్రికుండి దీపం సూసి పో. పది కోసుల అవతలున్న ఓడలకు గూడ కనవడ్తది."

"బొంరాస్‌పేటకు కనవడలే" అన్నది అక్క.

తాండూరు దాకా రైల్లో జనం ముక్కులు మూసుకుని దూరం జరుగుతూనే ఉన్నారు. "ఏందమ్మా గీ కంపు?" అని ఒకామె అడిగేసింది.

అక్క గొంగడిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "నా పెండ్లిది" అన్నది.